పచ్చచాప మీద నూరు పద్యాలు

వెలిమెట్ట రాజు కుంతలవర్మకు కాలిబంతి ఆటంటే పిచ్చి. పదకొండు మంది ఆటగాళ్లకు సేనాపతికన్నా ఎక్కువ జీతమిచ్చి పోషించేవాడు. వాళ్లకు జలుబు చేస్తే రాజవైద్యుడు పరిగెత్తేవాడు. రాజుకు జలుబు చేస్తే శొంఠి కషాయంతో సరి.

ఒక వానాకాలం పొరుగు రాజు జట్టుతో పోటీ జరుగుతోంది. గెలిపించాల్సిన బంతి సరిగ్గా గోలు ముందర బురదలో కూరుకుపోయింది. గడ్డపారలు తెప్పించి తవ్వేలోపు పొద్దు గూకింది.

మర్నాడు కొలువులో రాజు ఆజ్ఞాపించాడు.

"బురద లేని మైదానం కావాలి. వానకి నానకూడదు, ఎండకి వాడకూడదు. పన్నెండు నెలలూ పచ్చగా ఉండాలి."

ఆస్థాన పండితుడు ఉద్దండభట్టు వెంటనే లేచాడు. వ్యాకరణం మొదలు వంకాయ కూర దాకా తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం.

"ఎంతపని ప్రభూ. కొబ్బరిపీచుతో మైదానమంత చాప నేయిద్దాం. ఆకుపచ్చ రంగు అద్దిద్దాం. నీళ్లు పోయక్కర్లేదు, కోయక్కర్లేదు. పైగా గడ్డికన్నా చల్లన."

రాజు మురిసిపోయాడు. వేసవి నాటికి చాప తయారైంది. దాన్ని మోయడానికి పద్దెనిమిది ఏనుగులు కావలసి వచ్చాయి. మైదానంలో గడ్డంతా చెక్కేసి, దాన్ని పరిచారు. కొత్త చాప మాసిపోతుందని, చెప్పులతో ఎవరూ దానిమీద అడుగుపెట్టరాదని ఉద్దండభట్టు శాసనం రాయించాడు.

వారం తిరక్కముందే ఆటగాళ్లు కుంటుతూ వచ్చారు. జట్టు నాయకుడు గంటయ్య మోకాలు చూపించాడు. అక్కడ చర్మం లేదు.

"పడితే గీరుకుపోతోంది ప్రభూ. మధ్యాహ్నమైతే కాళ్లు పెనం మీద పెట్టినట్టే."

"బద్ధకం," అన్నాడు ఉద్దండభట్టు. "గడ్డి మీద దొర్లి దొర్లి సుకుమారులైపోయారు."

గొడుగు నీడన, పట్టు పాదుకలతో కూర్చుని ఆట చూసే రాజుకు పండితుడి మాటే సబబనిపించింది.

అప్పుడు గడ్డి అధికారి దుగ్గన, ఆటగాళ్ల మాట నిజమేనంటూ ముందుకొచ్చాడు. మైదానానికి నీళ్లు పెట్టించడం, గడ్డి కోయించడం అతని కొలువు. అతని కింద నలభై మంది పనివాళ్లు.

"ఏమయ్యా దుగ్గనా, నువ్వూ గడ్డి పక్షమేనా?" అన్నాడు రాజు. "రేపటిలోగా చాపలో లోపం రుజువు చెయ్యి. లేకపోతే గడ్డే లేని రాజ్యంలో గడ్డి అధికారి ఎందుకు? నువ్వూ, నీ నలభై మందీ మూటలు సర్దుకోండి."

 వేడి సంగతి దుగ్గన తను చెబితే బద్ధకమంటారు. ఆటగాళ్లు చెబితే సుకుమారమంటారు. ఎవరు చెబితే రాజు నమ్ముతాడా అని ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత చేతులు కట్టుకుని నవ్వాడు.

"లోపమేముంది ప్రభూ, గడ్డి మీద మమకారం కొద్దీ నేనే పొరబడ్డాను. నాదొక్కటే మనవి. ఇంత గొప్ప చాపకు ప్రారంభోత్సవం జరగలేదు. రేపు మధ్యాహ్నం పండితులవారు దాని నడిమధ్య నిలబడి, చాప మీద నూరు పద్యాలు చదవాలి. పక్కనే రెండు మూరల పాత గడ్డి ముక్క పెట్టిస్తాను. జనం పోల్చి చూసి, గడ్డిని చీదరించుకుంటారు."

పద్యాలనేసరికి ఉద్దండభట్టు ఒళ్లు పులకరించింది. "నూరేం ఖర్మ, నూటపదహారు చెబుతాను," అన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. వైశాఖమాసపు ఎండ. రాజ్యమంతా చెట్ల నీడన చేరింది. ఉద్దండభట్టు పట్టుశాలువా కప్పుకుని వచ్చాడు. చాప అంచున దుగ్గన వినయంగా వంగి అడ్డం నిలబడ్డాడు.

"పండితులవారూ, చెప్పులు. తమరి శాసనమే."

ఉద్దండభట్టు చెప్పులు విడిచి నడిమధ్యకు వెళ్లాడు. మొదటి పద్యం రాగం తీసి చదివాడు. రెండోది రాగం లేకుండా చదివాడు. మూడో పద్యం ఒంటికాలి మీద మొదలై, రెండో పాదంలో ఇంకో కాలి మీదికి మారింది. నాలుగో పద్యానికి గంతులు మొదలయ్యాయి. రాజనర్తకి గురువు ముచ్చటపడి తాళం వేశాడు.

"పండితులవారికి నాట్యం కూడా వచ్చని మాకు తెలియదే," అన్నాడు రాజు.

"చాప మహిమ ప్రభూ," అన్నాడు దుగ్గన.

ఐదు, ఆరు పద్యాలు కలిసిపోయి ఒకటే పద్యంగా వెలువడ్డాయి. శాలువా తీసి కాళ్లకింద వేసుకున్నాడు. అది చాలలేదు. ఏడో పద్యంలో చాప చల్లదనాన్ని పండు వెన్నెలతో పోల్చాలి. 'వెన్నెల' అనే మాట సగంలో ఉండగానే ఆయన ఎగిరి, ఆ రెండు మూరల గడ్డి ముక్క మీద పడ్డాడు. పడి, కళ్లు మూసుకుని, హాయిగా నిట్టూర్చాడు. చాప రంగు అంటుకుని అరికాళ్లు రెండూ పచ్చగా ఉన్నాయి.

రాజు కనుబొమలు ముడిచాడు. "అక్కడికెందుకు వెళ్లారు?"

"అది... ఇక్కడ గొంతు బాగా పలుకుతుంది ప్రభూ. మిగతా పద్యాలు ఇక్కణ్ణుంచే చదువుతాను."

"వచ్చి చాప మీదే చదవండి."

ఉద్దండభట్టు ఒక బొటనవేలు చాపకు తాకించి, వెనక్కి లాక్కున్నాడు. ఇక కదల్లేదు. రాజు తన పాదుకలు విప్పి, గొడుగు దాటి, చాప మీద ఒక్క అడుగు వేశాడు. వేసినంత వేగంగానే తీశాడు. ఆ తర్వాత గంటయ్య మోకాలికేసి చూసి తలదించుకున్నాడు.

దుగ్గన చేతులు జోడించాడు.

"చూశారా ప్రభూ, చాప గొప్పదని పొగడాలన్నా నిలబడ్డానికి గడ్డే కావాలి."

రాజు ముందు నవ్వాడు, తర్వాత మైదానమంతా నవ్వింది. గడ్డి ముక్క మీద ఉద్దండభట్టు కూడా, అరికాళ్లు చల్లబడ్డాక, కొంచెం నవ్వాడు. చాప చుట్టేయమని, వానలకు ముందే కాలువలు తవ్వి గడ్డి నాటమని రాజు అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు. ఆ పనికి నలభై మంది చాలరని, ఇంకో ఇరవై మందిని ఇచ్చాడు.

"నీకేం కావాలో కోరుకో దుగ్గనా," అన్నాడు.

"మిగిలిన పద్యాలు వినకుండా ఇంటికెళ్లే అనుమతి ఇప్పించండి ప్రభూ."

రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి దుగ్గన మెడలో వేసి, "పద, నేనూ వస్తున్నాను," అన్నాడు.