తొలి ముద్ద ఎవరు తినాలి?

చిత్రకొండ ప్రభువు మల్లభూపతికి ఒకనాడు పొద్దున్నే ఒక కోరిక పుట్టింది. తన కొలువులో ఉన్నవాళ్లంతా ధనవంతులైపోవాలి. అదీ తన పుట్టినరోజులోపు!

రాజుగారికి కోరిక పుడితే చాలు, తీర్చేవాడు గుమ్మంలోనే ఉంటాడు. ఈసారి వాడి పేరు రత్నాకరుడు. పది వేళ్లకూ ఉంగరాలు, పేరుకు ముందు 'కుబేరతంత్ర విశారద' అని బిరుదు. ఆ బిరుదు ఎవరిచ్చారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"ధనరక్షణ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే ప్రభూ! ఉన్నదంతా ఊడ్చి ఒక్కచోట పెట్టాలి. ముత్యాల బేరానికి ఓడ పంపుతున్నాను, అందులో పెట్టమనండి. తమ పుట్టినరోజు వచ్చేసరికి రెట్టింపు. నష్టమన్న మాటే లేదు."

సభ చప్పట్లు కొట్టింది. సభకు ఇంకేం పని? కొలువువాళ్లంతా దాచుకున్నది సాయంత్రంలోపు తెచ్చి రత్నాకరుడి పెట్టెలో వెయ్యాలని ఆజ్ఞ అయింది.

వంటశాల పెత్తనం చేసే ఓబులమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆవిడకున్నవల్లా నాలుగు బంగారు గాజులు. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. గరిటె పట్టలేని రోజున ఆ గాజులే ఆవిడకు కూడు. వాటిని సముద్రంలోకి పంపమంటున్నాడీ ఉంగరాల మనిషి!

ఇవ్వనంటే రాజధిక్కారం. అందుకని భోజనాల వేళ దాకా నోరు కట్టుకుంది.

చిత్రకొండ కోటలో ఒక కట్టుబాటుంది. విషం కలపలేదని రుజువుగా, వండిన మనిషి రాజుగారి ఎదుట తొలి ముద్ద తినాలి. ఆ తర్వాతే ఆయన విస్తట్లో చెయ్యి పెడతాడు.

ఆరోజు ఓబులమ్మ వడ్డించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"తినవేం?" అన్నాడు రాజు, చెయ్యి చప్పున వెనక్కి తీసుకుని.

"కట్టుబాటు ఎత్తేశారనుకున్నాను ప్రభూ. పొద్దున ఈ రత్నాకరాచార్యులవారు అంత పెద్ద వంటకం వడ్డించారు కదా, తొలి ముద్ద ఆయన తిన్నట్టు కనబడలేదు."

పక్క విస్తరి ముందు కూర్చున్న రత్నాకరుడు నవ్వాడు. "వంటింటి మనిషివి, నీకు శాస్త్రమెందుకమ్మా?"

"నాకెందుకు స్వామీ! మీ ఆస్తంతా ముందు ఆ ఓడలో వెయ్యండి. మా గాజులు వెనకాలే వస్తాయి."

"బాగుంది!" అన్నాడు రాజు. "ఆచార్యా, మీ పొలాలమ్మి ఓడలో పెట్టండి."

"పొలాలా? అవి ముసలితనంలో నాకు కూడు పెట్టేవి ప్రభూ!"

"పోనీ, గాదెల్లో ధాన్యం?"

"వానలు పడని ఏడు ఏం తినను?"

"ఇంట్లో వెండి?" అంది ఓబులమ్మ.

"ఎవరికైనా జబ్బు చేస్తే? ఇక వర్తకుల దగ్గర పెట్టింది అసలే కదపను. ఒకడు మునిగినా ఇంకొకడు నిలబెడతాడనే కదా నలుగురి దగ్గరా తలా కాస్త పెట్టాను! ఉన్నదంతా ఒక్క ఓడలో పెట్టడానికి నేనేమన్నా వెర్రివాణ్ణా?"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకే తెలియలేదు.

ఓబులమ్మ వంగి దణ్ణం పెట్టింది.

"విన్నారుగా ప్రభూ! మనకు అమ్మే శాస్త్రం వేరు, ఆయనింట్లో వాడుకునే శాస్త్రం వేరు. మాకు ఆ రెండోది ఇప్పించండి చాలు."

తనూ బోల్తా పడ్డానని తోచి రాజు ఒక్క క్షణం మొహం ముడుచుకున్నాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు గనక బంతిలో అందరూ నవ్వారు. పొద్దున చప్పట్లు కొట్టింది వీళ్లే.

ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. ఓబులమ్మకు కాలవ కింద ఒక మడి రాసిచ్చారు. రత్నాకరుడు మాత్రం పాయసం రాకముందే లేచిపోయాడు.