చెప్పినట్టే బాగుచేసిన జీపు

దాలినాయుడికి తన తెలివి మీద గొప్ప నమ్మకం. చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాళ్ళు చుట్టుపక్కల తనూ తమ్ముడు గవిరయ్యా తప్ప ఇంకెవరూ లేరని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ఇద్దరికీ కలిపి ఒక ముసలి జీపు. దాంట్లో జనాన్ని సంతకి చేరవేస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ జీపుకి బ్రేకు గొట్టం చిల్లు పడింది. ఎడమ పక్క స్ప్రింగు పట్టీ విరిగి బండి ఒరిగిపోయింది. మర్నాడే ఇన్‌స్పెక్టరు బండి తనిఖీ చేస్తాడు. అందులో తప్పితే సంతదారి మూసుకున్నట్టే. మెకానిక్కు మస్తాను చెల్లెలి పెళ్ళికి పోతూ, కొత్త సామాను చేతిలో పెట్టి మూడు ముక్కలు చెప్పాడు. కొత్త గొట్టం అచ్చం పాతదానిలాగే ఉండాలి. బండి రెండు పక్కలా ఒకే ఎత్తుండాలి. బ్రేకు నూనె పోసి, ధారగా వచ్చేదాకా పెడలు తొక్కాలి.

ఇంకేముంది, గొట్టాలు రెండూ పక్కపక్కన పెట్టి దాలినాయుడు చాలాసేపు చూశాడు. పొడుగు సరే, వంపు సరే, కొత్తదానికి చిల్లే లేదు. సామాను అమ్మిన కొట్టువాడు మోసం చేశాడని తిట్టుకుంటూ, బెత్తెడు కొలిచి మరీ, సరిగ్గా అదే చోట మేకుతో చిల్లు పొడిచి బండికి బిగించాడు.

ఎడమ పక్క లేపడం కష్టం, కుడి పక్క దించడం తేలిక. అంతే, కుడివైపు మంచి పట్టీని కూడా విరగ్గొట్టారు. బండి రెండు పక్కలా సమానంగా కూలబడింది. కొత్త పట్టీ మిగిలిపోయిందని సంబరపడి దాచుకున్నారు.

గవిరయ్య పెడలు తొక్కగానే చిల్లులోంచి నూనె ధార కట్టింది. ఇంత చక్కటి పని మస్తాను వల్ల కూడా కాదనిపించి దాలినాయుడికి కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ఇన్‌స్పెక్టరు బండిని ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి తెచ్చి ఆపమన్నాడు. జీపు నేరుగా వెళ్ళి గోడకి గుద్దుకుని ఆగింది. నాలుగు ఇటుకలు రాలాయి.

"ఆపమన్న కాడే ఆపినాం బాబూ. గోడ దాటితే అడగండి," అన్నాడు దాలినాయుడు దిగి.

"ఈ బండి మళ్ళీ రోడ్డు మీద కనిపించిందా, ఇద్దర్నీ లోపలేయిస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సంత పోతే ఇంటిల్లిపాదీ పస్తే. ఇన్‌స్పెక్టరు అన్న మాటనే దాలినాయుడు మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాడు. మెల్లగా మొహం విప్పారింది.

"రోడ్డు మీదే వద్దన్నాడ్రా. పొలాలకి పర్మిట్టు ఇచ్చీసినాడు," అన్నాడు తమ్ముడితో.

అంతే, సంతరోజున జీపు నిండా జనాన్ని కుక్కి పొలాలకి అడ్డంపడి బయల్దేరారు. ఎక్కినవాళ్ళ తెలివి సంగతి వేరే చెప్పాలా? ఎవరైనా దిగాలంటే గవిరయ్య బండిని గడ్డికుప్పలోకి పోనిచ్చేవాడు. కుప్పలో దిగబడగానే ఆగేది. నలుగురు దిగేసరికి కుప్పలు అయిపోయాయి. ఇక ఎలా ఆపుతారని ఒక ముసలమ్మ వణుకుతూ అడిగింది.

దాలినాయుడు వెనక్కి తిరిగి ధైర్యం చెప్పాడు.

"నీకేటి బయ్యం లేదు మామ్మా. ముందర ఏరుంది."