తీతువు పిట్ట మన వెనకాల ఎందుకు అరుస్తుంది

ఒకప్పుడు తీతువు పిట్టకి అరుపే లేదు. నిజమర్రా, కిక్కురుమనేది కాదు!

పైగా దాని కాళ్లకి కొమ్మని పట్టుకునే బలం లేదు. సాయంత్రమైతే పిట్టలన్నీ చెట్లెక్కి ఒకటే కబుర్లు. ఇదొక్కటే కింద బీడునేల మీద నిలబడి వినేది. ఎంత దిగులో పాపం!

దాని గుడ్లేమో అచ్చం గులకరాళ్లే. నడిచేవాళ్లు చూసుకోకుండా తొక్కేసేవాళ్లు. అలా మూడేళ్లు గడిచాయి, ఒక్క పిల్లా మిగల్లేదు.

దానికున్న తోడల్లా ఆ పక్క చేను రైతు ఇల్లాలు పైడితల్లి. ఆమె మధ్యాహ్నం చేనిగట్టు మీద కూర్చుని అంబలి తాగుతూ, "ఏమే, తిన్నావా?" అని పలకరించేది. పిట్ట వచ్చి పక్కనే నిలబడేది.

నాలుగో ఏడు ఆమె చేలోనే మళ్లీ గుడ్లు పెట్టింది. తొలకరి పడింది. ఇక నాగళ్లు వస్తాయి! పిట్ట రెక్కలు చాపి గాలిని బతిమాలుకుంది.

"అరుపు ఇస్తాను," అంది గాలి. "కానీ ఒక్కటే సుమా! అది విన్న మనిషి ఎవరైనా ఆగిపోతారు. నీకు కావలసినవాళ్లు కూడా."

పిట్ట గుడ్ల వైపు చూసుకుని తలూపింది.

మర్నాడు పైడితల్లి మొగుడు సింహాచలం నాగలి కట్టాడు. ఎడ్లు గుడ్ల దాకా వచ్చేశాయి. పిట్ట గొంతు చించుకుంది.

"ఓలమ్మో, అపశకునం!" అంటూ సింహాచలం మట్టిబెడ్డ ఎత్తాడు.

పక్కనే ఉన్న పైడితల్లి అతని చెయ్యి పట్టుకుంది. "ఆగయ్యా! ఎన్నడూ నోరెత్తని పిట్ట ఊరికే అరుస్తుందా? కాళ్ల కింద చూడు."

చూస్తే నాలుగు గుడ్లు! చాపంత మేర దున్నకుండా వదిలేసి, చుట్టూ కంప పాతారు.

పైడితల్లి ఊళ్లోవాళ్లని, పిల్లల్ని తీసుకొచ్చి దూరం నుంచి చూపించింది. "తీతువు అరిస్తే ఆగండి, కిందకి చూడండి, చుట్టూ తిరిగి పొండి. దగ్గరికి మాత్రం ఎవ్వరూ వెళ్లొద్దు." ఊరంతా ఆ మాట మీద నిలబడింది. ప్రతి చేలోనూ అలా కాస్త నేల వదిలారు.

గుడ్లు పిల్లలయ్యాయి. పిల్లలకి రెక్కలొచ్చాయి, ఎగిరిపోయాయి.

ఒక మధ్యాహ్నం పైడితల్లి అంబలి ముంతతో వచ్చింది. పిట్టకి ప్రాణం లేచొచ్చింది. రా, కూర్చో అందామని నోరు తెరిచింది. వచ్చింది అదే అరుపు!

పైడితల్లి ఠక్కున ఆగింది. "మళ్లీ గుడ్లు పెట్టావా తల్లీ? నేను చెప్పిన మాట నేనే దాటితే ఎలా?" అని వెనక్కి తిరిగింది. పిట్ట అరుస్తూ ఊరి పొలిమేర దాకా వెంట ఎగిరింది. ఆమె ఇంకా గబగబా నడిచింది.

అప్పటినుంచే తీతువు మనిషి కనబడగానే అరుస్తుంది. మనం ఆగుతాం, చుట్టూ తిరిగి పోతాం. వెళ్లిపోతున్నవాళ్ల వెనకాల కూడా చాలా దూరం ఎగురుతూ అరుస్తుంది, విన్నారా? ఆ అరుపు మాత్రం పొమ్మని కాదు.