గంతులమ్మ దాచుకున్న దుంపలు

అనగనగా ఒక చల్లటి కొండ అడవి. అక్కడి జంతువులకు ఒక పిచ్చి ఉండేదర్రా. ఏం పిచ్చో తెలుసా? డాలియా పూల పిచ్చి! అందరూ కలిసి పూల సంఘం కూడా పెట్టుకున్నారు. ఏటా పోటీ జరిపేవారు. తీర్పు చెప్పేది ఎలుగుబంటి బొచ్చప్ప. ప్రతి పువ్వులోనూ ముక్కు పెట్టి మరీ చూసేవాడు. పోటీ అయ్యేసరికి ఆయన ముక్కంతా పుప్పొడే!

ఒక ఏడు గంతులమ్మ అనే కుందేలుకు మొదటి బహుమతి వచ్చింది. ఆమె పసుప్పచ్చ డాలియా పళ్లెమంత ఉంది మరి! అలాంటి రకం ఇంకెవరి దగ్గరా లేదు.

పూలకాలం అయిపోయింది. గంతులమ్మ మట్టి తవ్వి దుంపలు తీసింది. దుంప నాటితేనే మళ్లీ అదే రకం మొక్క వస్తుంది.

ముందుగా ఉడుత వచ్చింది. "అక్కా, ఒక్క దుంప ఇవ్వవూ?"

"ఇంకా ఆరలేదమ్మా, తర్వాత చూద్దాం" అంది గంతులమ్మ.

తర్వాత తాబేలు తాత వచ్చాడు. "అమ్మాయ్, నాకో దుంప పెట్టు. నేను ఇంటికి చేరేసరికే ఏడాది పడుతుంది. నీకు పోటీ రానులే."

"అన్నీ పుచ్చిపోయాయి తాతా" అని అబద్ధమాడింది.

చివరికి ఏదుపంది గుచ్చయ్య వచ్చాడు. ఏదుపందులకు దుంపలంటే ప్రాణం. నాటడానికి కాదు, తినడానికి! అందుకే అతన్ని సంఘంలో చేర్చుకోలేదు. గంతులమ్మ ముడుచుకుపోయిన బుల్లి దుంప ఒకటి అతని ముందుకు విసిరింది. "ఇది దేనికీ పనికిరాదు. తినేసి వెళ్లు!" అంది. మిగతావన్నీ బొరియలో దాచేసింది.

గుచ్చయ్య నోరు తెరిచాడు. టక్కున మూసేశాడు. దుంప మీద చిన్న మొలక, అచ్చం కన్నులా ఉంది.

"అమ్మో, ఇది నన్నే చూస్తోంది! చూస్తున్నదాన్ని ఎలా తినేది?" అనుకుని, ఆకలితోనే వెళ్లి దాన్ని నాటాడు.

ఆ తర్వాత పెద్ద వాన కురిసింది. బొరియలోకి నీళ్లొచ్చాయి. గంతులమ్మ దుంపలన్నీ కుళ్లిపోయాయి. ఎవరికి చెప్పుకుంటుంది? ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

మళ్లీ పోటీ వచ్చింది. గుచ్చయ్య వీపు మీద ముళ్ల మధ్య పసుప్పచ్చ డాలియాతో వచ్చాడు!

"ఈ రకం నీకెక్కడిదయ్యా?" అన్నాడు బొచ్చప్ప.

"గంతులమ్మక్క ఇచ్చింది."

అందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత మంచి మనసు!" అన్నారు.

గంతులమ్మ చెవులు వాలిపోయాయి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ చప్పట్లు వింటుంటే ఆమెకు సిగ్గేసింది.

"ఆపండి!" అని అరిచింది. "నేను ఇవ్వలేదు, పారేశాను. తాతా, నీతో అబద్ధమాడాను. దాచుకున్నవన్నీ కుళ్లిపోయాయి."

గుచ్చయ్య ముందుకొచ్చాడు. "పారేస్తే పారేశావులే అక్కా, నా ముందే కదా పారేశావు!" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు.

బహుమతి గుచ్చయ్యకే వచ్చింది. అతన్ని సంఘంలోనూ చేర్చుకున్నారు. ఆ ఏడు అతను తీసిన దుంపల్లో మొదటిది గంతులమ్మకే ఇచ్చాడు. రెండోది ఉడుతకు, మూడోది తాబేలు తాతకు.

మరుసటి పోటీలో ఎటు చూసినా పసుప్పచ్చ డాలియాలే! ఏది బాగుందో తేల్చలేక బొచ్చప్ప మూడుసార్లు వాసన చూసి, ముప్పైసార్లు తుమ్మాడు. చివరికి మొదటి బహుమతి తాబేలు తాతకిచ్చాడు. గంతులమ్మది నాలుగో స్థానం. అయినా తాత వేదిక ఎక్కేలోగా ఆమె సంతోషంతో దాని చుట్టూ పదిసార్లు గెంతింది.

నీతి: మంచిదాన్ని ఒక్కరమే దాచుకుంటే మనకూ మిగలదు, నలుగురికీ పంచితే అది పదికాలాలు నిలుస్తుంది.