గవర్రాజు కొండ దాటిన వైనం

జీలుగువలసలో తెలివైనవాళ్ళు ఎవరంటే గవర్రాజు, పోలిరాజు, తాతబాబు. ఈ మాట చెప్పేది కూడా ఆ ముగ్గురే. మిగతా ఊరంతా తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆ నవ్వు చూసి, మన తెలివికి జనం ఎంత సంతోషపడుతున్నారో అని వీళ్ళు ఇంకాస్త పొంగిపోతారు.

గవర్రాజుకి ఒక్కటే కోరిక. కొండ అవతల ఉన్న మేనమామ సూరప్పడి కూతురు నూకాల్ని పెళ్ళి చేసుకోవాలి. నూకాలుకీ అతనంటే ఇష్టమే. ఎందుకని నన్నడక్కండి, ఆ పిల్లని ఎవరడిగినా నవ్వేసి ఊరుకుంది. అడ్డమల్లా సూరప్పడే. మేనల్లుడికి బుర్ర లేదని ఆయన బెంగ. చివరికి కూతురి పోరు పడలేక ఒక కబురు పంపాడు.

"సావాసగాళ్ళని ఎంటబెట్టుకుని, మూటలు ఈపున కట్టుకుని, అడివిలో ఒక రాత్రుండి, మర్నాడు పొద్దుగూకేలోపు మా ఇంటికి రమ్మను. వస్తే పిల్లనిస్తాను. రాలేదా, రేషన్ డీలరు కొడుక్కిచ్చేస్తాను. ఆడికి బుర్రుందో లేదో అడివే సెబుతాది."

గవర్రాజు లెక్క చూసుకున్నాడు. డీలరు కొడుక్కి మోటారు సైకిలుంది. తనకున్నది ఈ ఇద్దరు స్నేహితులు, ఆ తెలివీను.

బయల్దేరేముందు తల్లి తల నిమిరి చెప్పింది. "సావాసమంటే ఊరికే కబుర్లు కాదు నాయనా. బరువైనా కష్టమైనా ముగ్గురూ సమానంగా పంచుకోవాల."

అంతే. ప్రయాణానికి తీసిపెట్టిన టార్పాలిన్‌ని ముగ్గురూ కత్తిపీటతో మూడు ముక్కలు కోశారు. తాడు మూడు ముక్కలు చేశారు. మట్టికుండ కత్తిపీటకి లొంగలేదు, రోకలితో ఒక్కటిచ్చి పెంకులు పంచుకున్నారు. టార్చిలైటు డొక్కు గవర్రాజుకి, బల్బు పోలిరాజుకి, బ్యాటరీలు తాతబాబుకి.

"దార్లో తగువులుండవింక," అన్నాడు తాతబాబు తృప్తిగా.

కొండ మొదట్లో అటవీశాఖ వాచరు ఆపాడు. మంచివాడే పాపం, వీళ్ళ సంగతి తెలీదు. "అడివిని పాడుసెయ్యకండి బాబూ. మీరొచ్చిన గుర్తు ఒక్కటి కూడా మిగలకూడదు," అన్నాడు.

ఇంకేముంది. తాతబాబు అడుగుల్ని పోలిరాజు కొమ్మతో తుడిచాడు. మరి పోలిరాజు అడుగులో? తాతబాబు వెనక్కొచ్చి తుడిచాడు. ఇప్పుడు తాతబాబువి మళ్ళీ పడ్డాయి. ఇలా ఇద్దరూ ఒక మద్దిచెట్టు చుట్టూ తిరిగి తిరిగి అక్కడ పెళ్ళిపందిరి వెయ్యొచ్చన్నంత శుభ్రంగా ఊడ్చేశారు. ఎండెక్కిపోతోంది. గవర్రాజు ఆలోచించి ఆలోచించి, "ఒరే, మనం ఎనక్కి నడుద్దాం. అప్పుడు మనం ఎల్లిపోయిన గుర్తులే ఉంటాయి గానీ వచ్చిన గుర్తులుండవు. ఎల్లిన గుర్తులు ఉండకూడదని ఆయన అన్లేదు కదా," అన్నాడు.

ముగ్గురూ వీపులు శిఖరానికి తిప్పి కొండెక్కసాగారు. పడ్డారు, లేచారు. కానీ నిజం చెప్పుకోవాలి, ముందుకి నడిచేవాళ్ళకి దొరకని వైభోగం వాళ్ళకి దొరికింది. అడుగు వేసినకొద్దీ కింద లోయ విప్పుకుంటూ పోయింది. జీడిమామిడి తోటలు, వాటి మీద మెరుస్తున్న ఎండ, గుప్పెడంత అయిపోయిన వాళ్ళ ఊరు. పోలిరాజు పాట ఎత్తుకున్నాడు. తాతబాబు తాళం వేస్తూ వేస్తూ వెళ్ళి రేగుముళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎన్ని దిగాయిరా?" అన్నాడు గవర్రాజు.

"లెక్కెట్టే సోటు కాదురా," అన్నాడు తాతబాబు మూలుగుతూ.

కష్టం సమానంగా పంచుకోవాలి కదా. అంతే. మిగిలిన ఇద్దరూ పంచెలు సర్దుకుని అదే పొదలో కూర్చున్నారు. తర్వాత ఒకరి ముళ్ళు ఒకరు తీసుకుంటూ చాలాసేపు ఉన్నారు. తాతబాబుకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటి స్నేహితులు ఎవరికుంటారు అన్నాడు. అందులో మాత్రం అబద్ధం లేదు.

సాయంత్రం వాన పడింది. ఎవరి టార్పాలిన్ ముక్క వాళ్ళు తీశారు. గవర్రాజుది తలకి సరిపోయింది. పోలిరాజు పొట్టకి కప్పుకున్నాడు, తాతబాబు కాళ్ళకి. ముగ్గురికీ కలిపి ఒక మనిషి తడవలేదని లెక్క తేలింది. వాన వెలిశాక బండ కింద మంట వేసి చిలగడదుంపలు కాల్చుకున్నారు. వేలు కాలుతుంటే ఊదుకుంటూ, ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటూ తిన్నారు. పెళ్ళి లేకపోయినా బతుకు ఇలా బాగానే ఉంటుందేమో అనిపించింది గవర్రాజుకి. అంతలో నూకాలు నవ్వు గుర్తొచ్చి, చేతిలో దుంప కింద పెట్టేశాడు.

తెల్లారగానే ఆ బెంగతోనే ఒక చెట్టుకి చెవి ఆనించి అడిగాడు. "అమ్మా అడివీ, నాకు బుర్రుందా?"

పైన వడ్రంగిపిట్ట టకటకా కొట్టింది.

"ఉందో లేదో తట్టి సూస్తన్నాది," అన్నాడు పోలిరాజు.

"అది కొడతన్నది నా బుర్ర కాదు కదరా, సెట్టు కదా," అన్నాడు గవర్రాజు దిగులుగా. వాడి జన్మలో అంత సరైన మాట అదొక్కటే. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక బయల్దేరాలి. మంట వేసిన గుర్తు మిగలకూడదు. నిప్పులు చల్లారేదాకా ఆగితే పొద్దుపోతుంది. ఇంకేముంది, ఎర్రటి నిప్పులు కుండపెంకులతో ఎత్తి పోలిరాజు మూటలో పోసి ముడి వేశారు. కాసేపటికి పోలిరాజు వీపు నుంచి పొగ లేచింది.

"ఎచ్చగా బాగుందిరా," అన్నాడు పోలిరాజు. ఇంకో నాలుగడుగులేశాక, "మరీ బాగుంది," అన్నాడు. ఆ తర్వాత పరుగెత్తాడు. ఆ పొగ పైకి పోయి చింతకొమ్మకి వేలాడుతున్న తేనెపట్టుకి తగిలింది. పోలిరాజు వాగులో దూకాడు. వెనకే వస్తున్న తాతబాబు ముక్కు మీద ఒక తేనెటీగ కుట్టింది.

ఒకటే కుట్టింది. మరి మిగతా ఇద్దరికీ లేకపోతే ఎలా?

గవర్రాజు పట్టు కిందకెళ్ళి చేతులు జోడించి, "అమ్మా, మాకింకో రెండు కావాల," అని అడిగాడు. జవాబు రాలేదు. వినపడలేదేమోనని రాయి విసిరాడు.

అంతే. వాగులోంచి లేచొచ్చిన పోలిరాజుతో సహా ముగ్గురి పరుగూ చూసి తీరాలి. వెనక్కి నడవడాలు, గుర్తులు తుడవడాలు అన్నీ పోయాయి. చెప్పుల్లేవు, మూటల్లేవు. పొదలు దాటారు, గట్లు దాటారు, కళ్ళు వాచి దారి తెలీక పొద్దల్లా తిరిగారు, చివరికి కొండవాలంతా దొర్లుకుంటూ దిగి తిన్నగా ఒక పెంకుటింటి వాకిట్లో పడ్డారు. అది సూరప్పడి ఇల్లే. పొద్దు ఇంకా కొండ మీద జానెడు ఉంది.

సూరప్పడు బయటకొచ్చి చూశాడు. ముగ్గురి మొహాలూ గుమ్మడికాయల్లా ఉబ్బాయి. కళ్ళు గీతలైపోయాయి. అందులో ఏది తన మేనల్లుడి మొహమో ఆయనకి పోల్చుకోవడం కష్టమైంది. గుమ్మంలో నూకాలు కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇన్ని బాధలు పడి కూతురి కోసం వచ్చాడు కదాని సూరప్పడి మనసు వెన్నలా కరిగిపోయింది.

"బయటే నిలబడ్డారేటి? మొహమాటం వద్దురా," అన్నాడు ఆప్యాయంగా. "ఇది మీ ఇల్లే."

గవర్రాజు చప్పున వెనక్కి తిరిగాడు. "ఇన్నారా," అన్నాడు స్నేహితులతో. "ఇది మా ఇల్లేనంట. కళ్ళు కనపడక తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చేశాం."

"మరి మీ మావ ఇక్కడేటి సేస్తన్నాడు?" అన్నాడు తాతబాబు.

"పిల్లని డీలరు కొడుక్కిచ్చేస్తానని మా అమ్మకి సెప్పడానికి వచ్చుంటాడు. పొద్దింకా ఉంది, పదండి."

ముగ్గురూ కొండకేసి పరుగు లంకించుకున్నారు. సూరప్పడు పంచె ఎగ్గట్టి వెనకాల పరుగెత్తాడు. "ఒరే ఆగండ్రా, పిల్లనిచ్చేశానురా," అని అరిచాడు.

గవర్రాజు వెనక్కి తిరిగి చూశాడు. "మావ కూడా ఆళ్ళింటికి బయల్దేరిపోయాడు. మనకన్నా ముందు సేరాడంటే నా పెళ్ళి తప్పిపోయినట్టే, లగెత్తండి," అన్నాడు.

ఆయన ఎంత వేగం పెంచితే వీళ్ళు అంత వేగం పెంచారు. పొద్దుగూకే వేళకి నలుగురూ కొండ కొమ్ముకి చేరారు. అందరికన్నా ముందు గవర్రాజే ఉన్నాడు, మామని ఓడించేశానని మురిసిపోతూ.