తాడు పట్టిన రాజు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఈ ఊళ్ళో బావులు లేవు. అందుకే ఈ కథ మీ చెవిన పడలేదు. పేర్లలో పొరపాటు ఉంటే అది నాదే. జరిగింది మాత్రం నేను విన్నది విన్నట్టే చెబుతాను.

మాచిరాజు ఒక చిన్న రాజ్యాన్ని ఏలేవాడు. పక్క రాజ్యపు దుగ్గరాజు ఆయనకు ప్రాణస్నేహితుడు. కరువొచ్చిన ఏడు దుగ్గరాజు పంపిన ధాన్యంతోనే మాచిరాజు ప్రజలు బతికారు. ఇప్పుడు ఆ దుగ్గరాజే ఒక కొండ కోసం అవతలి రాజుతో యుద్ధానికి దిగాడు. పళ్ళెంలో తాంబూలం పెట్టి దూతను పంపాడు. అది అందుకుంటే సైన్యంతో వస్తానని మాట ఇచ్చినట్టే.

మాచిరాజుకు ఏమీ పాలుపోలేదు. వెళితే తన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళు ఏడుస్తాయో! వెళ్ళకపోతే విశ్వాసం లేనివాడనిపించుకోవాలి. దూతను వెంటబెట్టుకుని, చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన ఓబయ్య స్వామి దగ్గరికి వెళ్ళాడు.

స్వామి గోచీ బిగించి బావి గట్టు మీద ఉన్నాడు. ఎండాకాలం బావి అడుగంటితే ఒకరు లోపలికి దిగి బురద ఎత్తిపోస్తారు. దాన్నే పూడిక తీయడం అంటారు. దిగినవాళ్ళ నడుముకు కట్టిన తాడును పైన ఇంకొకరు పట్టుకోవాలి.

"సమయానికి వచ్చావురా మాచీ! పట్టు," అంటూ స్వామి తాడు చేతిలో పెట్టాడు.

"ఈ వయసులో మీరు దిగడమేమిటి స్వామీ? నేను దిగుతాను."

"రాజభోజనం తిన్న ఒళ్ళు, నీ బరువు నేను లాగగలనా?"

దూత నవ్వు ఆపుకున్నాడు. తాంబూలం పళ్ళెం నేల మీద పెట్టకూడదని, పాపం, రెండు చేతులా పట్టుకునే నిలబడ్డాడు.

స్వామి దిగాడు. రాజు గట్టు మీద నుంచే వంగి తన కష్టమంతా చెప్పుకున్నాడు.

"అబ్బ, మోకాలిదాకా దిగబడ్డాను!" అని కింద నుంచి కేక వచ్చింది. "ఒరే మాచీ, నువ్వూ దూకు!"

"నేనా?"

"నీ చేత అక్షరాలు దిద్దించింది ఎవరు? గురువు బురదలో ఉంటే నువ్వు గట్టున నిలబడతావా? విశ్వాసం ఉంటే దూకు!"

రాజు తాడు ఇంకా బిగించి పట్టుకున్నాడు.

"దూకను స్వామీ! నేనూ దిగితే మిమ్మల్ని పైకి లాగేదెవరు?"

బావిలోంచి స్వామి నవ్వు వినిపించింది. బావంతా మారుమోగింది.

రాజు చేతిలోని తాడు వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దూత వైపు తిరిగాడు.

"తాంబూలం తీసుకోను. గాయపడ్డవాళ్ళను పంపమను, మా వైద్యులు చూస్తారు. తిండికి కొరతైతే మా గాదెలున్నాయి. అవతలి రాజుతో సంధి మాట్లాడమంటే నేనే వెళతాను. సైన్యం మాత్రం రాదు."

"మా ప్రభువుకు కోపం వస్తుంది."

"వస్తుంది. తిడితే పడతాను."

"ఒరే, మాటలు చాలించి లాగరా!" అని స్వామి అరిచాడు. "ఊట పడింది! నీళ్ళు నడుముదాకా వచ్చేశాయి!"

రాజు పకపకా నవ్వుతూ లాగాడు.

మీ స్నేహితులకు కూడా ఈ కథ చెప్పండి పిల్లలూ. ఏ భాషలో చెప్పినా సరే. స్వామి బావిలోంచి అరిచే చోట మాత్రం గట్టిగా అరవండి.