డెన్మార్కు దొర ఇంటి కలశం

అనగనగా ఓ రేవు ఊళ్ళో, ఓడలు ఆగే ఊళ్ళో, పేర్రాజు అని ఒక కొబ్బరిపీచు వర్తకుడు ఉండేవాడు. ఆయన భార్య మాణిక్యం. వాళ్ళకి ఒక్కతే కూతురు, వరహాలు. నీ ఈడుదే. నీలాగే పెరుగన్నం అంటే మూతి తిప్పేది. ఊ కొడతావా, ఊరుకోమంటావా?

ఆ ఊళ్ళో డెన్మార్కు దేశం దొర ఒకడు కాపురం ఉండి, అక్కడే పోయాడు. అయినవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడు ఆయన సామాను ఏలం వేశారు. పేర్రాజు మూడు వస్తువులు పాడుకొచ్చాడు. ఒకటి, కత్తిలా వంపు తిరిగిన కాళ్ళున్న కుర్చీ. రెండోది, బంగారు రేకు అద్దిన నిలువుటద్దం. దాని నెత్తిన రెండు హంసలు. మూడోది, నున్నటి ఎర్రచెక్క బల్ల. ఆ బల్లతోపాటే వచ్చింది, దాని మీద మూతపెట్టిన తెల్లటి చెక్క చెంబు. చెంబు మెడ చుట్టూ పూలదండ చెక్కి ఉంది. భుజాల మీంచి బట్ట జారినట్టు మడతలు కూడా చెక్కారు. ఆ దేశం వాళ్ళు వేల ఏళ్ళనాటి పాత గుళ్ళ వాటంలో సామాను చేయించుకునేవారట.

మాణిక్యం ఆ చెంబుని చూసి చెంపలేసుకుంది. "ఏవండీ, ఇది కలశమే! దొరలకీ లక్ష్మీదేవి ఉందన్నమాట."

"లేకపోతే ఇంత సామానెక్కడిదే?" అన్నాడు పేర్రాజు.

ఆ తర్వాత శ్రావణ శుక్రవారం వచ్చింది. మాణిక్యానికి వెర్రి ముదిరింది. అత్తగారిచ్చిన వెండి చెంబు ఇంట్లో ఉండగా, దాన్ని పక్కన పెట్టి, ఈ దొరల చెంబుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. మూత లక్కతో అంటించేసి ఉంది. ఎంత లాగినా రాలేదు. లోపల బియ్యం పొయ్యకుండానే పైన కొబ్బరికాయ నిలబెట్టింది. లోపలేముందో చూడకుండా కలశం పెడతారా ఎవరైనా? గొప్పకి పోతే అంతే మరి.

చేతులు జోడించి, "రా తల్లీ, వచ్చి మా ఇంట్లోనే ఉండిపో" అని నోరారా పిలిచింది. పేరంటాళ్ళంతా ఆ కలశాన్ని చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు.

పిలిస్తే ఎవరో ఒకరు వస్తారు కదా. వచ్చారు.

పూజైన మర్నాడు కలశాన్ని కదపాలి, అమ్మవారిని సాగనంపాలి. మాణిక్యం కదపలేదు. చూడనివాళ్ళు ఊళ్ళో ఇంకా మిగిలారని అలాగే ఉంచింది.

మొదటి రోజు, కుర్చీ మెత్త మధ్యలో పల్లం పడింది. చిన్నపిల్ల కూచుంటే పడేంత పల్లం. మాణిక్యం చేత్తో సర్దింది. చెయ్యి తియ్యగానే మళ్ళీ పడింది. పిల్లి ఎక్కి ఉంటుందిలే అనుకుంది. ఆ ఇంట్లో పిల్లి లేదు.

రెండో రోజు, వరహాలుని అద్దం ముందు కూచోబెట్టి తల దువ్వుతోంది. జుట్టు ఇంకా మూడు పాయలు కూడా తియ్యలేదు. అద్దంలోకి చూస్తే జడ అప్పటికే సగం అల్లి ఉంది. ఆ జడ నల్లగా లేదు, అరటినార రంగులో ఉంది. మాణిక్యం చటుక్కున లేచి అద్దం మీద దుప్పటి కప్పేసింది.

మూడో రోజు, మిట్టమధ్యాహ్నం. వరహాలు ఆ కుర్చీలో కూచుని ఏదో పాడుతోంది. మన భాష కాదు. "వరహాలూ" అని పిలిచింది తల్లి. పలకలేదు. దగ్గరికెళ్ళి ఒళ్ళు పట్టుకుంటే కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. పిల్ల తలెత్తి చూసింది. పక్కింటావిడని చూసినట్టు మర్యాదగా చూసి, మళ్ళీ పాడుకుంది. కన్నకూతురు అలా చూస్తే ఏ తల్లి ప్రాణం నిలుస్తుందే?

అప్పుడే వడ్రంగి బ్రహ్మయ్య కుర్చీ కాలు బిగించడానికి వచ్చాడు. దొర బతికుండగా ఆ ఇంటి చెక్కపనంతా ఆయనే చేసేవాడు. పాట వినగానే గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అమ్మా, ఇది మారెన్ పాట. దొరగారి కూతురు. ఏడేళ్ళకే జ్వరమొచ్చి పోయింది."

ఆ తర్వాత పసుపు రాసిన చెంబుని చూశాడు. గబగబా ఉలితో లక్క చెక్కి మూత తీశాడు. లోపల నీలం రిబ్బను కట్టిన చిన్న జడ ఉంది. అరటినార రంగు జడ.

"ఇది కలశం కాదమ్మా. ఆ దేశంలో పోయినవాళ్ళ గుర్తుకి ఇలాంటి చెంబు పెట్టుకుంటారు. ఆ తల్లి పిల్ల జడ కత్తిరించి ఇందులో దాచుకుంది. మరుసటి ఏడు ఆవిడా పోయింది. మీరేమో రమ్మన్నారు, ఉండిపొమ్మన్నారు. పసిది, పిలిస్తే రాదా? ఉండటానికి దానికో ఒళ్ళు కావాలి కదా. మీరే పిలిచారు, మీరే పంపాలి. లేకపోతే వరహాలు మీకు దక్కదు."

అప్పుడు మాణిక్యం చెంబుని గడప దగ్గర పెట్టింది. "వెళ్ళి రా తల్లీ" అంది. వరహాలు కుర్చీలోనే ఉంది గానీ, చిన్న చిన్న అడుగుల చప్పుడు గడప దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చేసింది.

రెండోసారి వరహాలు చేతిలో బెల్లంముక్క పెట్టి, "వెళ్ళి రా తల్లీ" అంది. అడుగులు వెళ్ళాయి. మళ్ళీ వచ్చేశాయి.

నువ్వు బడికి బయల్దేరితే మీ అమ్మ ఏమంటుంది? ఉత్తినే 'వెళ్ళు' అంటుందా? అనదు. 'వెళ్ళి రా' అంటుంది. గడప దగ్గర మన నోళ్ళకి ఆ మాటే అలవాటు. మాణిక్యానికీ అదే వచ్చింది.

"రమ్మంటున్నారు కదమ్మా, అందుకే వస్తోంది" అన్నాడు బ్రహ్మయ్య.

 తల్లిలేని పిల్లని పట్టుకుని మాణిక్యం ఉత్తినే 'వెళ్ళు' అని ఎలా అంటుంది? ఇంతలో చూస్తే వరహాలు జుట్టు చివర్లు నారరంగుకి తిరుగుతున్నాయి.

అప్పుడు మూడోసారి కళ్ళు మూసుకుని అంది. "మీ అమ్మ నీకోసం చూస్తోంది. ఇక్కడ నీకెవరూ లేరు. వెళ్ళిపో."

అడుగులు గడప దాకా వెళ్ళాయి. చాలాసేపు ఆగాయి. ఆ తర్వాత తిరిగి రాలేదు.

"అమ్మా, ఆకలేస్తోంది" అంది వరహాలు. ఒళ్ళు వెచ్చగా ఉంది.

బ్రహ్మయ్య పడవ మాట్లాడుకుని ఆ చెంబునీ జడనీ సముద్రంలో కలిపి వచ్చాడు. సాయంత్రం పేర్రాజు ఇంటికొచ్చేసరికి మాణిక్యం కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పిల్ల దక్కింది కదే, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు, జరిగిందంతా విని.

"ఆ పసిది గడప దగ్గర ఆగిందండీ, మళ్ళీ రమ్మంటానేమోనని" అంది మాణిక్యం.

కథ కంచికి,
జడ కడలికి,
నిద్దర నీ కంటికి,
మనమేమో మనింటికి.